కోడలి కాళ్ళ కోసం కాకినాడ దాకా

కాకినాడ వెళ్ళొచ్చి మూడు వారాలైంది. వీధిలో కనబడిన ప్రతివాళ్ళూ కాజాలు తెచ్చారా అని అడుగుతున్నారే గాని, వెళ్ళిన పని ఏమైందని అడగడానికి జంకుతున్నారు. అడిగినా నేను నిలబడి రెండు ముక్కల్లో చెప్పలేను. అందుకే రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది యాభై రెండో ఏట. సాయంత్రం బడిలో ఓనమాలు దిద్దాను. గుణింతాలూ ఒత్తులూ మాత్రం మా కోడలు సత్యవతి ఇంట్లో కూర్చోబెట్టి నేర్పింది. ఇందులో తన గురించి ఉన్నదంతా తను చదివి, రెండు చోట్ల కొట్టేసి, మిగతాది ఉంచమన్నదే.

మాది మొగల్తూరుకి రెండు మైళ్ళ దూరంలో పల్లె. సత్యవతికి ముప్ఫై ఒక్కేళ్ళు. పక్క ఊళ్ళో ప్రైవేటు బడిలో ఒకటో తరగతి టీచరు. మా అబ్బాయి తణుకులో పంచదార ఫ్యాక్టరీలో పని చేస్తాడు. చెరుకు ఆడే నెలల్లో వాడికి సెలవు దొరకదు. కిందటేడు వానల్లో సత్యవతికి ఒక కన్ను మసకబారి, నెల తిరక్కుండా దానంతటదే బాగుపడింది. చలికాలం వచ్చేసరికి కాళ్ళు మొద్దుబారాయి. విశాఖపట్నంలో తలకి స్కాను తీయిస్తే ఎమ్మెస్ అన్నారు. పూర్తి పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. నరాల మీద కరెంటు తీగకి ఉన్నట్టు ఒక తొడుగు ఉంటుందట. రోగాల మీద పోరాడవలసిన మన ఒంటి బలమే పొరబడి ఆ తొడుగుని కొరుకుతుందట. ఒకసారి కన్ను, ఒకసారి కాలు. వస్తుంది, తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. ఇదంతా చెబితే మా వీధివాళ్ళు ఓపిగ్గా విని, "అంటే పక్షవాతమేగా" అన్నారు.

పక్షవాతం అన్న మాట బడి దాకా వెళితే ఉద్యోగం ఉండదని సత్యవతి భయం. అందుకని పచ్చకామెర్లు అని లీవు లెటరు పంపాం. తనకి చూపు అలిసిపోతోందని, తను చెబుతుంటే ఆ లెటరు రాసింది నేనే. తోటి టీచర్లు నిజమే అనుకుని మందుకని నేల ఉసిరి మొక్కలు వేళ్ళతో సహా పీకి పంపించారు. ఫాల్గుణం వచ్చేసరికి బడి నుంచి కబురు. పరీక్షలకి ముందు రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటారని. ఆ కబురు విన్న రోజు సత్యవతి అన్నం తినలేదు. "బడి పోతే నేను మంచానికి మనిషినైపోతానండి" అంది. మా నరసాపురం డాక్టరుగారు కాకినాడలో నరాల డాక్టరుకి చీటీ రాసిచ్చారు. అయిదు రోజులు సెలైనులో మందు ఎక్కించాలి, కసరత్తు నేర్పేవాళ్ళు కూడా అక్కడున్నారు అన్నారు. బట్టలు సర్దుకుని ఆడవాళ్ళం ఇద్దరం బయలుదేరాం.

పంటు మీద

నరసాపురంలో గోదావరి దాటడానికి పంటు అనే బల్లకట్టు ఎక్కాలి. మనిషికి రెండు రూపాయలు. మనుషులు, సైకిళ్ళు, ఒక కారు, కొబ్బరి మట్టల బండి, అన్నీ ఒకే బల్ల మీద. సత్యవతి నా భుజం పట్టుకుని నిలబడితే పక్కనున్న ఒకావిడ జరిగి, గంప బోర్లించి దాని మీద కూర్చోమంది. మా వైపు కొత్తవాళ్ళని ఊరూ పేరూ అడిగాకే రోగం అడుగుతారు. ఆవిడ ముందే అడిగేసింది.

"ఏమ్మా, కాళ్ళా? వావిలాకు నీళ్ళు పోస్తున్నారా?"

రోజూ పోస్తున్నానని గొప్పగా చెప్పాను. అది నిజం. మా ప్రాంతంలో బాలింతకైనా, కీళ్ళ నొప్పికైనా, వాతానికైనా వావిలాకు వేసి మరిగించిన నీళ్ళే మొదటి వైద్యం. రెండు నెలలుగా రోజూ కాలవ గట్టుకి నడిచి వెళ్ళి ఆకు కోసుకొచ్చి, చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడిగా పోస్తున్నాను. పోశాక పిల్ల కాళ్ళూ చేతులూ వాల్చేసి పడుకుండిపోయేది. పట్టు వదులుతోందని పెద్దవాళ్ళందరూ అన్నారు. నేనూ అదే అనుకుని మర్నాడు ఇంకో చెంబు ఎక్కువ పోసేదాన్ని.

గంప ఆవిడ అంతా విని, ఇంకా కాస్త వేడిగా పొయ్యమని సలహా చెప్పి, సఖినేటిపల్లి రేవులో దిగి గంప నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. సత్యవతి నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది.

అంబాజీపేట

ఒకే రోజు అంత దూరం సత్యవతి బస్సులో కూర్చోలేదని అంబాజీపేటలో మా పినతల్లి కూతురి ఇంట్లో ఆగాం. రాజోలు దాటిన దగ్గర్నుంచి అంబాజీపేట దాకా రోడ్డుకి రెండు వైపులా కొబ్బరే. మా వైపు కొబ్బరిచెట్టంటే ఇంటికి నాలుగు. ఇక్కడ చెట్ల మధ్య ఇళ్ళని వెతుక్కోవాలి. కూరలో కొబ్బరి, పచ్చడిలో కొబ్బరి, పొయ్యిలోకీ కొబ్బరి డొక్కలే.

మా చెల్లెలు పొట్టిక్కలు చేసింది. నాలుగు పనసాకులు కలిపి పుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పుతుంటే వచ్చే వాసనకే సగం కడుపు నిండుతుంది. మా వైపు అదే పిండిని దిబ్బరొట్టె వేసి, పైన మాడిన పొర కోసం పోట్లాడుకుంటాం.

ప్రయాణపు బడలిక తీరుతుందని చెల్లెలు అప్పటికే నీళ్ళు కాచి ఉంచింది. నేను తెచ్చిన వావిలాకు అందులో వేసి సత్యవతికి పోశాను. తరవాత పీట మీద కూర్చుంటే తనకి పొట్టిక్క విప్పడానికి వేళ్ళు ఆడలేదు. నేనే విప్పి, తుంచి నోట్లో పెట్టాను. అత్తగారు కోడలికి గోరుముద్దలు పెట్టడం ఈ ఊళ్ళో ఇదే మొదటిసారి అని చెల్లెలు నవ్వింది. సత్యవతీ నవ్వింది. బస్సు కుదుపులకి అలిసిపోయిందనుకున్నాం.

యానాంలో హాజరు

మర్నాడు అమలాపురం మీదుగా యానాం. ఇదివరకు ఎదుర్లంక దగ్గర కూడా పంటే ఉండేదట. ఇప్పుడు కొత్త వంతెన మీద బస్సు అలా వెళుతూనే ఉంటే, ఇంత నీరు ఒక్క నదిదేనా అనిపించింది.

యానాం మన రాష్ట్రం కాదు, పాండిచ్చేరి. అక్కడ బ్రాందీ చవక. ఒక కొట్టు విడిచి ఒక కొట్టు అదే బోర్డు. నాకు బోర్డులు చదవడం సరదా గనక అన్నీ పైకి చదువుతుంటే, కాస్త నెమ్మదిగా చదవండని సత్యవతి నా మోచెయ్యి గిల్లింది. పది నిమిషాలు అని కండక్టరు అనగానే మగవాళ్ళందరూ దిగి పరుగు. పావుగంటకి ఒక్కొక్కరే చంకలో పొట్లాలతో, ఏమీ ఎరగనట్టు ఎక్కారు. కండక్టరు రైట్ అన్నాడు. సత్యవతి చెయ్యెత్తింది.

"ఇంకా ఇద్దరు రాలేదండి. కిటికీ పక్క నీలం చొక్కా ఆయన, వెనక సీటు కళ్ళజోడు ఆయన."

రోజూ నలభైమంది పిల్లల్ని లెక్కపెట్టే అలవాటు. నిజంగానే ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు. దండం పెట్టి మరీ ఎక్కారు. మీరు టీచరాండి అని కండక్టరు అడిగితే, అవునంది. ఆ మాట అన్నప్పుడు దాని మొహం చూసి, ఈ ప్రయాణం ఎందుకో నాకు ఇంకోసారి తెలిసింది.

లాడ్జి మెట్లు

కాకినాడలో ఆస్పత్రికి రెండు వీధుల అవతల లాడ్జిలో దిగాం. మేడ మీద గది. అక్కడ వేడినీళ్ళు కూడా అమ్ముతారు, బకెట్టు మూడు రూపాయలు. మా ఊళ్ళో నీళ్ళు అమ్ముతారంటే నవ్వుతారు. డాక్టరుగారి ముందుకి పిల్ల నీరసంగా వెళ్ళకూడదని పొద్దున్నే రెండు బకెట్లు తెప్పించాను. తడిగుడ్డలో చుట్టి తెచ్చిన ఆకు ఇంకా పచ్చగానే ఉంది. మొత్తం వేసేశాను.

గది తాళం వేసి దిగుతున్నాం. నాలుగో మెట్టు మీద సత్యవతి కాళ్ళు ఒక్కసారిగా మడతపడ్డాయి. గోడ పట్టుకుంది కాబట్టి దొర్లలేదు, కూలబడింది. కళ్ళు కూడా మసకగా ఉన్నాయంది. లాడ్జివాళ్ళు ఇద్దరు కుర్చీతో సహా దింపి ఆటో ఎక్కించారు. ఆటోలో ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, ఇంక బడి సంగతి మర్చిపోవాలి కాబోలు అనుకున్నాను. పైకి మాత్రం ఏం ఫరవాలేదంటూనే ఉన్నాను.

నా నోటు పుస్తకం

నరాల డాక్టరుగారు నెమ్మదస్తులు. అరికాళ్ళు గీసి, మోకాళ్ళ మీద చిన్న సుత్తితో కొట్టి, వేలు చూడమని, అన్నీ చూశాక, ఇంట్లో రోజూ ఎలా ఉంటోందని అడిగారు. నరసాపురం డాక్టరుగారు రోజూ రాసి ఉంచమన్నారు కాబట్టి నా దగ్గర నోటు పుస్తకం ఉంది. నా రాత పెద్దది, పేజీకి రెండు రోజులే పడతాయి. ఆయన విసుక్కోకుండా మొదటి నుంచీ చదివారు. చదువుతూ ఒక చోట ఆగి, వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకి తిప్పారు.

"నీళ్ళు పోశాను అని ఉన్న ప్రతిరోజూ దాని కిందే కాళ్ళు మెత్తబడ్డాయని ఉందేంటమ్మా? ఈ మూడు రోజులు మాత్రం కాళ్ళు బాగున్నాయి, గేదె దాకా నడిచింది అని రాశారు. ఆ మూడు రోజులూ ఏం చేశారు?"

ఆ మూడు రోజులూ నాకు జ్వరం. నీళ్ళు పొయ్యలేదు.

ఎంత వేడి అని అడిగారు. చెప్పాను. ఆకు సంగతీ చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో చాలామందికి ఒంట్లో వేడి పెరిగితే, దెబ్బతిన్న నరాల్లోంచి కబురు నడవదట. వేడినీళ్ళు, ఎండ, జ్వరం, పొయ్యి దగ్గర పని, ఏదైనా సరే. ఒళ్ళు చల్లబడితే మళ్ళీ మామూలే. నరాలకి కొత్తగా నష్టమేమీ జరగదన్నారు. జబ్బు ఎలాగూ ఉంది, కాళ్ళ మొద్దుబారడం దానిదే, కాని రోజూ పూటకి పూట మంచాన పడుతున్నది మాత్రం నా నీళ్ళ వల్ల.

పక్క గదిలో ఫ్యాను కింద కూర్చోబెట్టి, మెడ మీద తడి తువ్వాలు వేసి, చల్లటి నీళ్ళు తాగించారు. ముప్పావుగంట. నేను ఎదురుగా కూర్చున్నాను. ముందు కళ్ళు తేటపడ్డాయంది. తరవాత కాలివేళ్ళు కదిపింది. ఆ తరవాత లేచి, గోడ పట్టుకుని, గుమ్మం దాకా వెళ్ళి వచ్చింది. పొద్దున కుర్చీలో దింపిన పిల్ల.

నాకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. రెండు నెలలు నా చేతులతో నేనే పడగొట్టానే అన్నాను. అప్పుడు సత్యవతి నా పక్కన కూర్చుని చెప్పింది.

"నాకు తెలుసండి. నీళ్ళు పోసినప్పుడల్లా ఎక్కువవుతోందని రెండో వారంలోనే తెలిసింది."

"తెలిసి ఎందుకు చెప్పలేదే?"

"ఎండలో అంత దూరం వెళ్ళి ఆకు కోసుకొచ్చి, పొగలో కూర్చుని కాచేవారు. ఎలా చెప్పనండి?"

నేను తిట్టాను. అక్కడ కూర్చున్న నలుగురూ చూస్తున్నా సరే తిట్టాను. తొమ్మిదేళ్ళలో నా కోడల్ని అంత గట్టిగా అనడం అదే మొదలు.

సెలైను గది

అయిదు రోజులు పొద్దున పూట సెలైనులో మందు ఎక్కించారు. రోజుకి రెండు గంటల పైమాటే. ఇది జబ్బుని పోగొట్టే మందు కాదు, ఇప్పుడు వచ్చిన దెబ్బ తొందరగా తగ్గడానికి అని ముందే చెప్పారు. ఎక్కుతున్నంతసేపూ నోట్లో ఇనప మేకు పెట్టుకున్నట్టుందనేది సత్యవతి. ఉప్పూ తీపీ తగ్గించమన్నారు. ఆకలి మాత్రం విపరీతంగా వేసేది. కాజాల కొట్టు ముందు నుంచి ఆటో వెళుతుంటే ఇద్దరం మొహాలు అటు తిప్పుకునేవాళ్ళం. పాకంలో ముంచి తీసిన గొట్టం కాజాలు అద్దాల వెనక మెరుస్తుండేవి. హోటల్లో ఇరవై రూపాయల భోజనం. ఉప్పు తక్కువ పప్పు విడిగా చేసిపెట్టమని అడిగితే, వంటాయన రెండో రోజు నుంచి అడక్కుండానే తీసి ఉంచాడు. అడిగితే ఇచ్చే మనుషులు ఎక్కడైనా ఉంటారు. మనమే అడగం.

సాయంత్రాలు సువార్తగారి దగ్గర. ఆవిడ ఆ ఆస్పత్రిలో ఫిజియోథెరపీ చేయిస్తారు. నలభై ఏళ్ళుంటాయి, కొంగు బొడ్లో దోపి నేల మీద కూర్చుని పని చేస్తారు. కాళ్ళు ఎలా సాగదియ్యాలో, కుర్చీలోంచి ఎలా లేవాలో, పడితే ఎలా పడాలో కూడా నేర్పారు. అలిసిపోయాక ఆగడం కాదు, అలిసిపోకముందే ఆగాలన్నారు. మాకు అది కొత్త. మా ఇళ్ళల్లో ఆడది పని మధ్యలో కూర్చుంటే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు.

రోజుకి ఎన్నిసార్లు నీళ్ళు తాగుతావని ఒకరోజు అడిగారు. సత్యవతి తల వంచుకుంది. ఈ జబ్బులో ఒంటికి వస్తే ఆగదు. బడిలో దొడ్డి దూరం. అందుకని పొద్దున్నించీ గుక్కెడు తాగకుండా ఉండేదట. ఆ సంగతి నాకూ తెలియదు, నా కొడుక్కీ తెలియదు. సువార్తగారు మాత్రం రోజూ వినే మాటలాగే విని, రెండు గంటలకొకసారి గడియారం చూసుకుని వెళ్ళిరావాలి, నీళ్ళు మానకూడదు, అలా మానితే వేరే రోగం వస్తుందని చెప్పారు. ఇలాంటివి అడగడం కూడా వైద్యంలో భాగమేనని నాకు అక్కడే తెలిసింది.

నాలుగో రోజు ఒక కర్ర తెచ్చారు. సత్యవతి దాన్ని ముట్టుకోలేదు. ఈ వయసులో కర్రేంటండి అంది. సువార్తగారు బలవంతం చెయ్యలేదు. గోడకి ఆనించి వెళ్ళిపోయారు.

పెద్దాపురం సుబ్బారావుగారు

ఆ శనివారం సువార్తగారి దగ్గరికి ఈ జబ్బు ఉన్నవాళ్ళు అయిదారుగురు వచ్చారు. నెలకోసారి అలా కూర్చుని మాట్లాడుకుంటారట. అందులో పెద్దాపురం నుంచి వచ్చిన బట్టల కొట్టు సుబ్బారావుగారిని నేను మర్చిపోలేను. యాభై దగ్గరపడ్డ మనిషి. నెత్తిన తడి తువ్వాలు, చేతిలో వెండి పొన్ను కర్ర. పదకొండేళ్ళుగా ఉందట జబ్బు.

"కొట్లో కూర్చునే వ్యాపారం కదండి అక్కయ్యగారూ, చూసుకుని మరీ నన్ను పట్టుకుంది" అన్నారు నాతో.

జబ్బు మళ్ళీ మళ్ళీ తిరగబెట్టకుండా ఉండడానికి ఆయన వారం వారం ఒక ఇంజెక్షను తీసుకుంటారు. చాలా ఖరీదు. దాన్ని చల్లగా ఉంచాలి కాబట్టి పక్కనున్న కూల్‌డ్రింకుల కొట్టు ఫ్రిజ్జులో పెడతారట. ఒకసారి ఆ కొట్టాయన పొరపాటున ఎవరికో సోడాతో పాటు అదీ తీసిచ్చేశాడని చెబుతుంటే అందరం నవ్వాం. సత్యవతికి ఆ ఇంజెక్షను సంగతి మూడు నెలల తరవాత చూసి చెబుతామన్నారు డాక్టరుగారు.

బడి సంగతి అప్పుడే బయటపడింది. పచ్చకామెర్లు అని రాశామని సత్యవతి చెబితే ఆయన పెద్దగా నవ్వారు.

"నేనూ రెండేళ్ళు మోకాళ్ళ నొప్పులని చెప్పానమ్మాయ్. మొహమాటం. మెట్లెక్కి సరుకు తీసేవాణ్ణి, పడేవాణ్ణి. మావాళ్ళతో నిజం చెప్పాకే సరుకంతా కిందికి దింపారు. చెప్పినందుకు మా బావమరిది వాటా తీసుకుని వెళ్ళిపోయాడు, అదీ నిజమే. పోతే పోయాడు, నేను పడడం తగ్గింది."

నష్టం కూడా దాచకుండా చెప్పారు కాబట్టే ఆయన మాట నమ్మబుద్ధి వేసింది.

సువార్తగారు బడికి ఒక ఉత్తరం రాసిచ్చారు, తెలుగులో, ఎవరికైనా అర్థమయ్యేలా. ఈ జబ్బు అంటుకోదు, మనిషి తెలివికేమీ లోటు లేదు. కూర్చుని పాఠం చెప్పడానికి కుర్చీ, ఫ్యాను ఉన్న గది, దొడ్డికి దగ్గరగా. కుదిరితే ఎండెక్కక ముందు పీరియడ్లు. కింద డాక్టరుగారి సంతకం. సత్యవతి చదువుకుని, మడిచి, సంచి అడుగున చీరల కింద పెట్టింది. ఇస్తాననలేదు, ఇవ్వననలేదు. ఈసారి నేను అడగకుండా ఊరుకోలేదు. ఇస్తావా అని అడిగాను. తీసేస్తేనో అంది.

బయటికి వస్తుంటే మాత్రం గోడకి ఆనించి ఉన్న కర్ర తీసుకుంది.

తణుకు

తిరుగు ప్రయాణం తణుకు మీదుగా పెట్టుకున్నాం. కిటికీ దగ్గర సీటు, సత్యవతి మెడలో తడి తువ్వాలు, ఒడిలో నీళ్ళ సీసా. రావులపాలెంలో బస్సు ఆగితే అరటిపళ్ళు కొన్నాం. దొడ్డి ఎక్కడని సత్యవతే దిగి కండక్టర్ని అడిగింది, తను వచ్చేదాకా బస్సు ఉంచమని చెప్పి మరీ వెళ్ళొచ్చింది.

తణుకు బస్టాండులో దిగేసరికి ఊరంతా చెరుకు మడ్డి వాసన. మా అబ్బాయి డ్యూటీ దిగి వచ్చాడు. పెళ్ళాం నడిచి రావడం చూసి మొహం వెలిగింది, చేతిలో కర్ర చూసి ఆరిపోయింది. ఇడ్లీలు తింటున్నంతసేపూ కర్ర వంక చూస్తూనే ఉన్నాడు. ఉత్తరం సంగతి చెబితే, బళ్ళో ఇవ్వొద్దన్నాడు. నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు, మానేసి ఇంటి పట్టున ఉండు, నేను లేనా అన్నాడు. వాడు ప్రేమతోనే అన్నాడు. నేను రెండు నెలలు వేడినీళ్ళు పోసింది కూడా ప్రేమతోనే. ఆ మాట వాడితో అనేశాను.

సత్యవతి ఇడ్లీ పూర్తిగా తిని, చెయ్యి కడుక్కుని వచ్చి చెప్పింది.

"నేను మాననండి. వాళ్ళు తీసేస్తే తీసెయ్యనివ్వండి. నా అంతట నేను మానను."

వాడు బస్సు కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. కదులుతుంటే, కర్ర జాగ్రత్త అన్నాడు.

బడి

ఇంటికి చేరిన మూడో నాడు పొద్దున ఎనిమిదింటికే బయలుదేరాం. కరస్పాండెంటుగారు తన గదిలో పరీక్ష పేపర్ల కట్టలు విప్పుకుంటున్నారు. నేను గుమ్మం పక్క బల్ల మీద కూర్చున్నాను. లోపలి మాటలన్నీ వినబడుతున్నాయి.

నాకొచ్చింది పచ్చకామెర్లు కాదని మొదలుపెట్టి, సత్యవతి అంతా చెప్పింది. ఉత్తరం ఇచ్చింది. ఆయన చదివారు. మళ్ళీ మొదటినుంచి చదివారు.

"ముందే చెప్పొచ్చు కదమ్మా."

"చెబితే ఉంచేవారాండి?"

ఆయన ఉత్తరం మడిచి బల్ల మీద పెట్టారు. "ఉంచేవాణ్ణి కాదేమో" అన్నారు. ఆ నిజానికి ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

తరవాత లెక్క చెప్పారు. ఒంటిపూట వస్తే చాలు, సగం జీతం ఇస్తాను. బల్ల మీద నేను అప్పుడే తల ఊపేశాను, లోపలికి కనబడదు కాబట్టి సరిపోయింది. సత్యవతి ఊపలేదు. పొద్దున నాలుగు పీరియడ్లూ తనే చెబుతుంది, ఒకటీ రెండూ తరగతుల పేపర్లన్నీ ఇంటి దగ్గర దిద్దుతుంది, అది ముప్పాతిక పని, ముప్పాతిక జీతం ఇవ్వాలి అంది. నా పమిట చెంగు నా గుప్పిట్లో తడిసిపోయింది.

ఒకటో తరగతి గదికి ఫ్యాను లేదు. ఆఫీసు పక్క గదికి ఉంది, దొడ్డీ దాని వెనకే. అక్కడికి పిల్లల్ని మార్చడానికి ఆయన ఒప్పుకున్నారు. జీతం సంగతి పరీక్షలయ్యాక చూద్దామన్నారు. ఇప్పుడే చెప్పండని సత్యవతి అంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, సరే ముప్పాతిక అన్నారు. మళ్ళీ జబ్బు తిరగబెడితే ముందు తనకి చెప్పాలని ఒక్క షరతు పెట్టారు.

పిల్లలు కిటికీలోంచి చూస్తున్నారు. ఒక పాప, టీచరండీ ఆ కర్ర మమ్మల్ని కొట్టడానికాండి అని అడిగింది. కాదు, నడవడానికి అని చెబితే, పాప ఊపిరి పీల్చుకుని పక్కవాళ్ళకి ఆ కబురు అందించింది.

ఇదంతా మా ఇంట్లో జరిగింది. మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే నన్ను చూసి ఏదీ మానకండి, మొదలుపెట్టకండి. డాక్టర్ని అడగండి. జబ్బు పడ్డ మనిషిని కూడా అడగండి.

ఆ రోజు ఇంటికి నెమ్మదిగా నడుచుకుంటూ వస్తున్నాం. చెట్టు నీడ వచ్చినప్పుడల్లా ఆగుతున్నాం. దారిలో లేత చింతచిగురు కనబడితే కొంగు పరిచి కొయ్యబోయాను. సంతోషంగా ఉన్న రోజు చింతచిగురు, ఎండురొయ్యలు వండడం నాకు అలవాటు. సత్యవతి కోసమనే ప్రత్యేకంగా వండుతుంటాను.

"అత్తయ్యగారూ, ఒక మాట చెప్పనాండి?"

చెప్పమన్నాను.

"నాకు ఆ కూర పడదండి. పెళ్ళైన దగ్గర్నుంచీ."

తొమ్మిదేళ్ళు. ఏడాదికి ఎన్నిసార్లు వండి ఉంటానో, ఎన్నిసార్లు మారు వడ్డించి ఉంటానో. కొమ్మ వదిలేసి దాని మొహం చూశాను. దాని పెదాలు వణుకుతున్నాయి, నవ్వు ఆపుకోలేక. నాకూ ఆగలేదు. రోడ్డు మీద ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

మరి ఏం వండమంటావే అని అడిగాను. బంగాళాదుంప వేపుడు అంది, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.